దూదిగిడ్డంగి రోడ్డులో సలాములు

1994 జూలై 14, గురువారం. తెల్లవారుజామున ఒక జల్లు పడి రోడ్డు తడిపి వదిలేసింది. ఆ తర్వాత మబ్బు పట్టినట్టే ఉండిపోయింది గానీ చినుకు రాలలేదు. ఆకు కదలడం లేదు. మిరపకాయ ఘాటు తేమలో కలిసి గొంతు గరగరలాడించే రోజు. అలాంటి రోజుల్లో గుంటూరులో ఎవరూ ఎవరితోనూ పెద్దగా తగువు పెట్టుకోరు. దగ్గులకీ తుమ్ములకే తీరిక సరిపోతుంది.

ఆ సాయంత్రం ట్రాఫిక్ ఎస్సై పున్నారావు దూదిగిడ్డంగి రోడ్డుకి వచ్చి, కరీముల్లా షా గారి అరుగు ముందు స్కూటరు ఆపి, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. గురువుగారి ముందు టోపీ పెట్టుకుని నిలబడడం అతనికి చేతకాదు. ఆ రోజు మాత్రం టోపీతో పాటు ఒక సంగతి కూడా చంకలో దాచుకుని వచ్చాడు.

ముందు ఆ రోడ్డు గురించి చెప్పాలి. పేరుకి దూదిగిడ్డంగి రోడ్డే గానీ అక్కడ దూది చూసినవాళ్ళెవరూ ఇప్పుడు బతికి లేరు. తెల్లవాళ్ళ కాలంలో పత్తి బేళ్ళు దింపేవారట. గిడ్డంగి పడిపోయింది, పేరు నిలబడింది. ఊళ్ళో పేర్లన్నీ ఇంతే, మనుషులకంటే గట్టివి. ఆ రోడ్డుకి ఒక కొసన రైలుగేటు, రెండో కొసన పురుళ్ళాసుపత్రి. మధ్యలో బట్టల కొట్లు, గాజుల కొట్లు, ఇత్తడి సామాను, మార్జినులో వరసగా పూలబుట్టలు పెట్టుకున్న ఆడవాళ్ళు. సిటీ బస్సులు, లారీలు, రిక్షాలు, ఒంటెద్దు బళ్ళు, ఇవి చాలనట్టు కొత్తగా దిగిన ఆటోలు. అన్నీ ఆ సన్నటి రోడ్డులోంచే పోవాలి.

ఆ గురువారానికి నెల ముందు ఒకమ్మాయిని రిక్షాలో పురుళ్ళాసుపత్రికి తీసుకుపోతుంటే, రోడ్డు మధ్యలో బండి కదలక, రిక్షాలోనే కాన్పయింది. పూలమ్మే ఆడవాళ్ళే చీరలు అడ్డం పట్టారు. నాంచారమ్మ అనే పెద్దావిడ బొడ్డు కోసిందని కొందరు, కాదు ఆసుపత్రి నర్సు పరిగెత్తుకొచ్చిందని కొందరు. ఏమైతేనేం, తల్లీ పిల్లా క్షేమం. ఆ పిల్ల ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. కానీ అప్పుడు ఊరంతా గోల అయింది. ఆ వారం మొదట్లో పై అధికారి పున్నారావుని పిలిపించి, వచ్చే సోమవారం పొద్దుటికల్లా ఆ రోడ్డు ఖాళీగా కనపడాలి, ఏం చేస్తావో నీ ఇష్టం అన్నాడు. ఇలాంటి మాటల్లో ‘నీ ఇష్టం’ అన్న ముక్కకి అర్థం ఏమీ ఉండదని ఉద్యోగం చేసినవాళ్ళందరికీ తెలుసు.

పున్నారావు చెడ్డవాడు కాదు. పని తప్పించుకునేవాడు అసలే కాదు. మర్నాడు పొద్దున్నే పట్టాభిరామయ్య బట్టల కొట్టు మేడెక్కి, పిట్టగోడకి ఆనుకుని, మధ్యాహ్నం దాకా రోడ్డు చూశాడు. పట్టాభిరామయ్య మజ్జిగ పంపిస్తే తాగాడు, కుర్చీ పంపిస్తే కూర్చోలేదు.

రైలుగేటు వైపు నుంచి బళ్ళు బాగానే వస్తున్నాయి. పూలబుట్టల దగ్గర కొంచెం ఒత్తుకుని, తిట్టుకుని, పోతున్నాయి. షా గారి అరుగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రతి బండీ నెమ్మదిస్తోంది. రిక్షావాడు హ్యాండిల్ మీంచి ఒక చెయ్యి తీసి నుదుటికి ఆనిస్తున్నాడు. స్కూటరువాడు కాలు కింద పెట్టి తల వంచుతున్నాడు. బస్సు డ్రైవరు కిటికీలోంచి దండం పెడుతున్నాడు. వెనకున్న లారీ హారను కొట్టి కొట్టి, తన వంతు వచ్చేసరికి తనూ ఆగి సలాం చేస్తోంది.

అంతటితో అయిపోతే బాగుండేది. సలాం చెప్పినవాడికి జవాబు చెప్పి తీరాలి. అది షా గారి మతంలో విధి. ఆయన మనసులో ఇంకా ఎక్కువ. ఎవరి సలాం వాళ్ళకే, మొహం చూసి, చెయ్యెత్తి, పెదవి కదిపి తిరిగి ఇచ్చేవాడు. గుంపుకంతటికీ కలిపి ఒకటి ఇవ్వడం ఆయన ఎరగడు. ఆయన చెయ్యి లేచేదాకా బండివాడు కదలడు. జవాబు అందకుండా పోతే ఆ పూట బేరం ఉండదని ఒకడు, టైరు పంక్చరవుతుందని ఇంకొకడు. ఒక్కొక్కడు ఆగేది రెప్పపాటు కాలం. ఆ రెప్పపాట్లన్నీ ఒకదాని వెనక ఒకటి చేరి, గేటు దాకా బారులు తీరుతున్నాయి.

పున్నారావు మేడ దిగి, ఎదురుగా కొట్లో టీ తాగి, చూసింది ఎవరికీ చెప్పలేదు. తనకి తను కూడా చెప్పుకోలేదు. సాయంత్రానికల్లా పూలబుట్టల వల్లనే ఇదంతా అని తీర్మానించేశాడు.

ఎందుకు చెప్పుకోలేదంటే, అతను శిష్యుడైన తీరు అలాంటిది. కొత్తగా కానిస్టేబులుగా చేరిన రోజుల్లో, అడ్డంగా ఆగిన రిక్షాల టైర్లలో గాలి తీసేసేవాడు. చలానాలు రాయడం కంటే అది సుళువు. ఒక గురువారం ఇదే రోడ్డులో ఒక ముసలి రిక్షావాడి టైరు బుస్సుమనిపించి, చేతులు దులుపుకున్నాడు. అరుగు మీంచి షా గారు మెల్లగా దిగాడు. లోపలికెళ్ళి సైకిలు పంపు తెచ్చాడు. రోడ్డు మీద గొంతుక్కూర్చుని గాలి కొట్టడం మొదలుపెట్టాడు. సగంలో ఆయాసం వచ్చింది. ఆగి, పంపు పిడి పున్నారావు వైపు జాపాడు. ఇంత పొడుగు కానిస్టేబులు యూనిఫారంతో వంగి రిక్షాకి గాలి కొడుతుంటే బజారంతా చూసింది. అయిపోయాక షా గారు అడిగిన మాట ఒక్కటే, మంచినీళ్ళు తాగుతావా అని.

ఆ గురువారం నుంచి ఏ గురువారమూ పున్నారావు ఆ అరుగు దగ్గరికి రాకుండా ఉండలేదు. అతని భార్య, నేను పదిసార్లు చెప్తే ఎక్కనిది సాయిబుగారు ఒక్కసారి పంపు చేతికిస్తే ఎక్కింది, నేనూ ఒక పంపు కొనుక్కోవలసింది అనేది.

అలాంటి గురువుగారిని, మీ వల్లే రోడ్డు ఆగిపోతోంది అని ఎలా అంటాడు? అరుగు మీంచి లేచి లోపలికి పొమ్మని ఏ నోటితో అంటాడు? దానికంటే పూలబుట్టలు తీయించడం తేలిక.

ఇదీ అతను చంకలో పెట్టుకుని వచ్చిన సంగతి.

షా గారు అతన్ని చూసి చెయ్యెత్తి, అరుగు మీద చోటు చూపించాడు. ముస్లిములు ఆయన్ని హజరత్ అనేవారు, మిగిలినవాళ్ళు స్వామీ అనేవారు. రెంటికీ ఒకేలా పలికేవాడు. తెల్లటి గడ్డం, పాత ఆకుపచ్చ శాలువా, పక్కన తాంబూలం పెట్టె. అరుగు కిందనే నాంచారమ్మ పూలబుట్ట. మల్లెలు అయిపోవచ్చాయి, కనకాంబరాలు మిగిలాయి.

పున్నారావు ఇంకా సర్దుకుని కూర్చోనే లేదు, నాంచారమ్మ తల ఎత్తకుండా దండ కడుతూనే అందుకుంది.

“ఏంది సామీ, మీ శిష్యుడు మమ్మల్నందర్నీ మురుక్కాలవ గట్టుకి తోలతన్నాడంటగా. అక్కడ పూలు ఎవురు కొంటారు, దోమలా?”

కాలవ గట్టున మంచి షెడ్డు వేయిస్తామనీ, నీళ్ళ పంపు కూడా పెట్టిస్తామనీ పున్నారావు చెప్పాడు. దోమలకి దాహమేస్తే పనికొస్తుందిలే బాబూ అంది నాంచారమ్మ. ఆవిడ నవ్వుతూనే అంది గానీ, దండ కట్టే వేళ్ళు ఆగిపోయాయి. ఆ రోడ్డు మీదే కూతురి పెళ్ళి చేసింది, మనవణ్ణి చదివిస్తోంది. ఆసుపత్రికి పోయేవాళ్ళూ, గుడికి పోయేవాళ్ళూ, సినిమాకి పోయేవాళ్ళూ అటుగానే పోతారు. కాలవ గట్టుకి పోయేవాళ్ళు వేరే పనిమీద పోతారు.

షా గారు కల్పించుకోలేదు. “ఏం చెయ్యబోతున్నావో నాకూ చూపించు నాయనా” అన్నాడు.

చూపించడానికి అక్కడేముంది? పున్నారావు తాంబూలం పెట్టె దగ్గరికి లాక్కున్నాడు. తమలపాకులు రెండు తీసి కొసా కొసా కలిపి పొడుగ్గా పరిచాడు. ఇది రోడ్డు స్వామీ అన్నాడు. ఈ కొసన వక్క పెట్టి రైలుగేటు అన్నాడు. ఆ కొసన ఇంకో వక్క పెట్టి పురుళ్ళాసుపత్రి అన్నాడు. లవంగాలు బళ్ళు. యాలకులు ఆకు అంచున వరసగా పేర్చి, ఇవి పూలబుట్టలు అన్నాడు. నాంచారమ్మ మెడ సాచి చూసి, నేను ఏ యాలక్కాయ బాబూ అని అడిగింది.

లవంగాలు ఎలా వచ్చి యాలకుల దగ్గర ఇరుక్కుంటున్నాయో పున్నారావు వేలితో నడిపి చూపించాడు. తర్వాత యాలకులన్నీ ఏరి పక్కన పెట్టాడు. ఇప్పుడు చూడండి అని లవంగాలని గేటు నుంచి ఆసుపత్రి దాకా గబగబా తోసుకుపోయాడు. చెప్పడం బాగా చెప్పాడు. పై అధికారి దగ్గర కూడా ఇలాగే చెప్పి మెప్పు పొందాడు. స్వామీ, ఆశీర్వాదం ఇవ్వండి, సోమవారం పొద్దున్న పని మొదలుపెడతాను అన్నాడు.

షా గారు ఆ ఆకుల్ని చాలాసేపు చూశాడు. అందరూ వచ్చారా అని అడిగాడు. వచ్చారు స్వామీ అన్నాడు పున్నారావు.

షా గారు జేబులోంచి నశ్యం డబ్బీ తీశాడు. ఒక పట్టు పీల్చలేదు. డబ్బీ మూత పెట్టి, దాన్ని తీసుకెళ్ళి రెండు తమలపాకులు కలిసే చోట పెట్టాడు. పున్నారావు తోసిన లవంగాలని వెనక్కి తెచ్చి, ఒక్కొక్కటే డబ్బీ ముందు ఆపాడు. ఆపిన ప్రతి లవంగానికీ చెయ్యెత్తి సలాం ఇచ్చాడు. వెనక లవంగాలన్నీ గేటు దాకా పేరుకున్నాయి.

“నన్ను మర్చిపోయావు పున్నారావూ.”

పున్నారావు తల వంచుకున్నాడు. రోడ్డు మీద ఒక ఆటో ఆగింది. షా గారు తలెత్తి దానికి జవాబు చెప్పి పంపించి మళ్ళీ ఇటు తిరిగాడు.

“మర్చిపోలేదు స్వామీ.”

షా గారు నవ్వాడు. ఆ నవ్వులో కోపం లేకపోవడమే పున్నారావుకి కష్టంగా తోచింది. గురువుగారు యాలకులు రెండు తీసి ఒకటి అతనికిచ్చి, ఒకటి నాంచారమ్మకిచ్చాడు. అతను నోట్లో వేసుకున్నాడు గానీ నమలలేదు.

శుక్రవారం ఆయన నమాజుకి పోయి వచ్చి లోపలే ఉండిపోయాడు. అరుగు ఖాళీగా ఉంది. శనివారం కూడా అంతే.

గురువుగారు తన కోసం లోపలికి పోయాడని పున్నారావుకి అర్థమైంది. సిగ్గు వేసింది, బాధ వేసింది, లోలోపల ఎక్కడో హాయి కూడా వేసింది. ఇక రోడ్డు దానంతటదే నడుస్తుందనుకుని, శనివారం పది గంటలకి వచ్చి చూశాడు. అంతకు ముందు ఎప్పుడూ ఆ రోడ్డు అంత ఘోరంగా ఆగలేదు.

ఏమైందంటే, ఆయన కనపడకపోయేసరికి ప్రతి బండీ పూర్తిగా ఆగుతోంది. స్వామికి ఒంట్లో బాగోలేదా అని రిక్షావాడు దిగి అడుగుతున్నాడు. బస్సు డ్రైవరు ఇంజను ఆపేసి కండక్టరుని కనుక్కు రమ్మంటున్నాడు. కొందరు నిమ్మకాయలు తెచ్చారు, కొందరు కొబ్బరి బోండాలు తెచ్చారు. పున్నారావుకి మొహం తెలియని ఒక లారీవాడు అరుగుకి తల ఆనించి ఏడుస్తున్నాడు. నాంచారమ్మ బేరం మానేసి అందరికీ సమాధానం చెబుతోంది. ఆయన బాగానే ఉన్నాడయ్యా, ఇందాకే ఉప్మా తిన్నాడు, పెరుగు కూడా వేసుకున్నాడు, మీరు కదలండి అని. పెరుగు వేసుకున్నాడంటే జ్వరం లేనట్టే అని ఒకడు ఇంకొకడికి ధైర్యం చెప్పాడు. ఇద్దరూ కదల్లేదు.

పున్నారావు ఈలలు వేసి వేసి, చేతులు ఊపి ఊపి, చివరికి టోపీ తీసి చంకలో పెట్టుకుని లోపలికి పరిగెత్తాడు. షా గారు పెరట్లో నులకమంచం మీద కూర్చుని బట్టలు మడత పెట్టుకుంటున్నాడు.

“స్వామీ, ఒక్కసారి బయటికి రండి.”

“రమ్మంటావా, వద్దంటావా? ఒక మాట మీద ఉండు నాయనా.”

పున్నారావు మంచం పట్టె పట్టుకుని కింద కూర్చుండిపోయాడు. యూనిఫారం వేసుకున్న మనిషి నేల మీద చతికిలపడడం చూసి షా గారికి జాలి వేసింది. వంగి అతని తల మీద చెయ్యి పెట్టాడు. తర్వాత గుమ్మం దాకా వెళ్ళి, అందరికీ కనపడి, అందరికీ విడివిడిగా సలాం ఇచ్చి, రోడ్డు కదిలించేసరికి మధ్యాహ్నమైంది.

వెళ్ళబోతున్న పున్నారావుతో, రేపు నీ స్కూటరు తీసుకురా, కాస్త తిరిగొద్దాం అన్నాడు. షా గారు ఎవరి బండీ ఎక్కిన మనిషి కాదు. ఎక్కడికి స్వామీ అంటే, నువ్వెటు పోతే అటు అన్నాడు.

ఆదివారం సాయంత్రం ఆయన స్కూటరు వెనక ఒక పక్కకి కూర్చున్నాడు, పెళ్ళికి వెళ్ళే ఆడవాళ్ళలాగా, శాలువా గట్టిగా చుట్టుకుని. పున్నారావు జన్మలో అంత నెమ్మదిగా బండి నడపలేదు. ఎటు పోవాలో తోచలేదు. ఆసుపత్రి వైపు పోతే ఇరుకు. ఎదురుదిక్కుగా పోయాడు. పోయి పోయి రైలుగేటు దగ్గర ఆగాడు. గేటు పడి ఉంది.

గుంటూరు గేట్ల సంగతి తెలియనివాళ్ళకి చెప్పాలి. పడిందంటే ఇక పడినట్టే. రైలు వచ్చేదాకా, వచ్చి పోయేదాకా, దాని వెనక గూడ్సు వస్తుందేమో చూసేదాకా. జనం తిట్టుకునేవాళ్ళు, గేటు కింద దూరేవాళ్ళు, గేట్‌మ్యాన్‌ని బతిమిలాడేవాళ్ళు, ఊరికే హారను కొట్టి కసి తీర్చుకునేవాళ్ళు. ఆ గేట్‌మ్యాన్ పేరు ఏసుపాదం. పాతికేళ్ళుగా ఊరి తిట్లన్నీ అతనే తిన్నాడు. అందుకే కాస్త చెవుడు తెచ్చిపెట్టుకున్నాడని అతనంటే గిట్టనివాళ్ళు అనేవారు.

షా గారు స్కూటరు దిగాడు. గేటు పక్కన కానుగచెట్టు కింద ఏసుపాదం ముక్కాలిపీట వేసి ఉంది. ఆయన పోయి దాని ముందు నిలబడి, కాసేపు కూర్చోవచ్చా నాయనా అని అడిగాడు. ఈ మాట ఏసుపాదానికి బాగానే వినపడింది. తువ్వాలుతో పీట తుడిచాడు.

మొదట ఒక రిక్షావాడు చూశాడు. తర్వాత పక్కవాడు. హారన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. బళ్ళు ఎలాగూ ఆగే ఉన్నాయి. దిగి వచ్చినవాడు దిగి వచ్చాడు, కూర్చున్నచోటి నుంచే చెయ్యెత్తినవాడు చెయ్యెత్తాడు. షా గారు ఎవరి సలాం వాళ్ళకి, మొహం చూసి, తీరిగ్గా తిరిగి ఇచ్చాడు. అరుగు మీద ఎప్పుడూ ఇంత తీరిగ్గా ఇవ్వలేదు. ఒకడి పిల్ల పేరు అడిగాడు. ఒకడి కాలి పుండు చూసి ఫలానా డాక్టరు దగ్గరికి పొమ్మన్నాడు. ఇందాక గేటు కింద దూరబోయినవాడు వెనక్కి వచ్చి బుద్ధిగా నిలబడ్డాడు.

రైలు వచ్చింది, పోయింది. ఏసుపాదం గేటెత్తాడు. గేటు లేస్తుండగానే షా గారు శాలువా మొహం మీదికి లాక్కుని, వెనక చెట్టుకి ఆనుకున్నాడు. నిద్రపోయే మనిషికి సలాం చెప్పరు కదా. బళ్ళన్నీ జోరుగా పోయాయి. ఒక్కటి నెమ్మదించలేదు.

రోడ్డు ఖాళీ అయ్యాక శాలువా దించి, పున్నారావు వైపు చూశాడు. అతను స్కూటరు హ్యాండిల్ పట్టుకుని, ఇంకా గేటు వైపే చూస్తున్నాడు. రోజూ ఇక్కడికి వస్తారా స్వామీ, ఈ ఎండలో, ఈ పొగలో అని అడిగాడు.

షా గారు పక్కన చెట్టు బెరడు గోటితో గీకాడు.

“ఇక్కడ ఎవరూ నా కోసం ఆగరు నాయనా.”

తర్వాత, అరుగు మీద అందరూ ఆగుతుంటే నాకూ బాగానే ఉండేదిలే అని, తనలో తను అనుకున్నట్టు అని, చిన్నగా నవ్వి, మళ్ళీ గేటు ఎప్పుడు పడుతుందని ఏసుపాదాన్ని అడిగాడు.

చీకటి పడకముందే ఇద్దరూ దూదిగిడ్డంగి రోడ్డుకి తిరిగి వచ్చారు. పూలవాళ్ళు బుట్టలు ఎత్తేసే వేళ. రేపటి నుంచి ఎక్కడో తెలియదు కాబట్టి ఎవరూ తొందరగా ఎత్తడం లేదు. షా గారు స్కూటరు దిగి, అరుగు మీద బుట్టలు పెట్టుకోమన్నాడు. ఎవరూ కదల్లేదు. స్వామి కూర్చునే చోట మా కాళ్ళు పెడతామా అన్నారు. అపచారమన్నారు. నాంచారమ్మ చెంపలు వేసుకుంది.

షా గారు వాదించలేదు. వంగి నాంచారమ్మ బుట్ట రెండు చేతులా పట్టుకుని ఎత్తబోయాడు. పంపు నాటి ఆయాసం మళ్ళీ వచ్చింది. ఆయన తలెత్తి పున్నారావు వైపు చూశాడు.

పున్నారావు వచ్చి రెండో పక్క పట్టుకున్నాడు. బుట్ట అరుగెక్కింది. దాని పక్కన ఇంకొకటి. పాతకాలంలో కట్టిన అరుగు, ఇల్లంత పొడుగునా ఉండేది. సర్దుకుని సర్దుకుని, తగువులాడి, కనకాంబరాల గంగమ్మ మోచెయ్యి మల్లెల మస్తానమ్మకి తగిలేంత ఒత్తుకుని, అందరూ పట్టారు.

సోమవారం పొద్దున్న పోలీసు వ్యాను వచ్చింది. పై అధికారి కూడా వచ్చాడు. మార్జిను ఖాళీగా ఉంది. తీయించడానికి ఏమీ కనపడలేదు. అరుగు మీద బుట్టలేమిటని అడిగితే, అది ఇంటివాళ్ళ అరుగండీ, ఇంటివాళ్ళ ఇష్టమండీ అన్నాడు పున్నారావు. ఈసారి ‘ఇష్టం’ అన్న ముక్కకి అర్థం ఉంది. అధికారి కాసేపు నిలబడి, రెండు మూరల మల్లెలు కొనుక్కుని వెళ్ళిపోయాడు.

రద్దీ మొత్తం మాయమైపోయిందంటే అబద్ధం. ఊళ్ళో బళ్ళు పెరుగుతూనే ఉన్నాయి. కానీ ఆసుపత్రికి పోయే రిక్షా మళ్ళీ ఆ రోడ్డులో కాన్పు చేయించలేదు. మొదట్లో అలవాటు కొద్దీ కొందరు డ్రైవర్లు అరుగు వైపు చూసి సలాం చేసేవారు. అటు చూస్తే నాంచారమ్మ. ఆవిడ ఏమాత్రం తడుముకోకుండా చెయ్యెత్తి, సరే సరే, సుఖంగా ఉండు, ముందుకి పో నాయనా అనేది. రెండోసారి చేసినవాడు లేడు.

షా గారు రోజూ పొద్దునా సాయంత్రం పున్నారావు స్కూటరు మీద గేటుకి వెళ్ళేవాడు. గేటు పడితే శాలువా దించేవాడు, లేస్తే కప్పుకునేవాడు. గేటు పడిందని తిట్టుకోవడం మానేసిన ఊరు మన దేశంలో అదొక్కటేనేమో. రానురాను జనం ఏసుపాదానికి కూడా సలాం చెప్పడం మొదలుపెట్టారు. అతని చెవుడు చాలావరకు నయమైంది.

కొన్నేళ్ళకి ఒక చలికాలంలో, తెల్లవారి నమాజు తర్వాత, షా గారు పడుకుని మళ్ళీ లేవలేదు. ఆయనకి పెళ్ళాం బిడ్డలు లేరు. ఇల్లు, చీరాలలో ఉన్న అక్క కూతురు ఖాజాబీకి వచ్చింది. అరుగు మాత్రం పూలబుట్టలు ఉన్నన్నాళ్ళూ పూలవాళ్ళదేనని ఆయన నోటి మాటగా చెప్పి ఉంచాడు. ఖాజాబీ ఇల్లు పడగొట్టి మేడ కట్టింది గానీ అరుగు ముట్టుకోలేదు. సైకిలు పంపు రిక్షా స్టాండు వాళ్ళకి వెళ్ళింది. తాంబూలం పెట్టె, నశ్యం డబ్బీతో సహా, నాంచారమ్మకి. ముక్కాలిపీట ఏసుపాదానిది ఏసుపాదానికే వచ్చింది. అయితే అతను దాని మీద కూర్చోలేక, దానికో దండం పెట్టి, పక్కన నిలబడడం మొదలుపెట్టాడు. శాలువా ఆయనతోనే వెళ్ళింది.

పున్నారావుకి ఏమీ రాలేదు.

గేటు పడినప్పుడు కానుగచెట్టు కింద ఖాళీ పీట వైపు చూసి ఎవరో ఒకరు ఇప్పటికీ సలాం చేస్తారు. చేసి, జవాబు కోసం ఒక్క క్షణం అలాగే నిలబడతారు. రైలు దూరంగా కూత పెడుతుంది. పున్నారావు అక్కడ ఉంటే, టోపీ తీసి చంకలో పెట్టుకుని, ఆ మనిషి మొహం చూసి, చెయ్యెత్తుతాడు.